సర్వీసు అర్జీ పెట్టడం ఎలా: సర్వీసు రిజిస్టరు (ఎస్ఆర్) తిరగేయడం మొదలు హైకోర్టు దాకా వరుసగా చేయాల్సినవి

"సార్, నాలుగు రిప్రజెంటేషన్లు ఇచ్చాను. ఏడాదిన్నర అయింది. ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడేం చేయాలి?"

నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇదే. నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఆ నాలుగింటిలో ఎన్నింటికి ఇన్‌వార్డ్ నంబరు (ఆఫీసు రిజిస్టరులో ఎక్కించినప్పుడు వేసే నంబరు) ఉంది? చాలాసార్లు అవతలి నుంచి జవాబు ఉండదు. ఆఫీసులో ఎవరి చేతికో ఇచ్చి వచ్చారు, వాళ్లు "చూస్తాం" అన్నారు, అంతే. రికార్డు ప్రకారం ఆ అర్జీ పుట్టనే లేదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ఉద్యోగులకూ, ఇక్కడ పనిచేసే కేంద్ర ఉద్యోగులకూ పనికొచ్చేలా ఈ వరుస రాస్తున్నాను. పాత పద్ధతి చాలా మారింది. రాష్ట్ర ఉద్యోగులకు ఒకప్పుడున్న అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునల్ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ లేదు. కేసు వేయాలంటే నేరుగా హైకోర్టే. కేంద్ర ఉద్యోగులకు మాత్రం క్యాట్ (సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునల్) హైదరాబాద్ బెంచ్ యథాతథంగా ఉంది. పోర్టళ్లు వచ్చాయి, ఈ-ఆఫీస్ వచ్చింది, రహస్య నివేదికలు రహస్యంగా ఉండటం మానేశాయి. సీనియర్లు పదిహేనేళ్ల కింద చెప్పిన సలహా ఇప్పుడు అలాగే పనిచేయకపోవచ్చు.

## 1. ముందు సమస్య ఏ రకమో తేల్చుకోండి

అన్ని బాధలకూ ఒకే దారి లేదు. తప్పు దారిలో ఆర్నెల్లు నడిచాక అసలు దారి గడువు దాటిపోయిందని తెలిస్తే చేసేదేమీ ఉండదు.

- రావాల్సింది రాలేదు (ఇంక్రిమెంట్, పే ఫిక్సేషన్, ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ స్కేలు, బకాయిలు, లీవు మంజూరు): రిప్రజెంటేషన్.
- సీనియారిటీ, ప్రమోషన్: ప్రొవిజనల్ జాబితా మీద అభ్యంతరం. దీనికి గడువు జాబితాతో వచ్చే మెమోలోనే ఉంటుంది.
- శిక్ష పడింది (సెన్షూర్ అనే మందలింపు నుంచి డిస్మిసల్ దాకా): సీసీఏ (క్లాసిఫికేషన్, కంట్రోల్, అప్పీల్) నియమాల కింద అప్పీలు. మామూలు అర్జీ చాలదు.
- వార్షిక నివేదికలో తక్కువ గ్రేడింగ్: ఆ నివేదిక మీద రిప్రజెంటేషన్.
- లైంగిక వేధింపు: ఇంటర్నల్ కమిటీకి ఫిర్యాదు. ప్రాపర్ చానెల్ (పై అధికారి ద్వారా పంపడం) అవసరం లేదు.
- వికలాంగ ఉద్యోగి పట్ల వివక్ష: 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 23 ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ గ్రీవెన్స్ రిడ్రెసల్ అధికారి ఉండాలి. ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారించాలి. ఈ అధికారి ఒకరు ఉన్నారని ఆఫీసులో చాలామందికి తెలియదు. కొన్నిచోట్ల ఆ అధికారికే తెలియదు.

మీది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగమైతే ఈ వరుస నేరుగా వర్తించదు. మీ యజమాని ఏజెన్సీనా, శాఖనా అన్నదగ్గరే చిక్కు మొదలవుతుంది. అది విడిగా రాయాల్సిన విషయం.

## 2. గడువులు గోడ క్యాలెండర్ మీద రాసుకోండి

ఉత్తర్వు చేతికి అందిన రోజే చేయాల్సిన పని ఇది. అందిన తేదీ, సంతకం పెట్టిన తేదీ వేరు వేరుగా ఉంటాయి. రెండూ రాసుకోండి. ఉత్తర్వు వచ్చిన కవరు కూడా దాచండి, దానిమీది పోస్టల్ ముద్ర ఒక్కోసారి కేసునే కాపాడుతుంది.

- కేంద్ర ఉద్యోగి, శిక్ష ఉత్తర్వుపై అప్పీలు: ఉత్తర్వు కాపీ అందిన నాటి నుంచి 45 రోజులు (సీసీఎస్ సీసీఏ రూల్స్ 1965, రూల్ 25). రాష్ట్ర ఉద్యోగులు 1991 సీసీఏ రూల్స్‌లో తమకు వర్తించే గడువు చూసుకోవాలి. కేంద్రం లెక్కను ఇక్కడికి తెచ్చుకోవద్దు.
- కేంద్ర ఉద్యోగి, ఏపీఏఆర్ (వార్షిక పనితీరు నివేదిక)పై రిప్రజెంటేషన్: అందిన 15 రోజుల్లో. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు, ప్రతి ఎంట్రీ ఉద్యోగికి తెలపాల్సిందేనని చెప్పింది. 2009 నుంచి కేంద్రం పూర్తి నివేదికను చూపిస్తోంది. "గుడ్" అని రాసినా, ప్రమోషన్‌కు అడిగే బెంచ్‌మార్క్ "వెరీ గుడ్" అయితే అది మీకు దెబ్బే.
- లైంగిక వేధింపు ఫిర్యాదు: సంఘటన జరిగిన, లేదా వరుస సంఘటనల్లో చివరిది జరిగిన 3 నెలల్లో. కారణం చూపితే కమిటీ ఇంకో 3 నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి.
- ఆర్టీఐ: జవాబుకు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలుకు మరో 30 రోజులు. కమిషన్‌కు రెండో అప్పీలుకు 90 రోజులు.
- క్యాట్: తుది ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోపు. అప్పీలు గానీ రిప్రజెంటేషన్ గానీ ఇచ్చి 6 నెలలైనా ఉత్తర్వు రాకపోతే, ఆ 6 నెలలు ముగిసిన రోజు నుంచి ఏడాది.

ఆఖరిదాన్ని లెక్క కట్టి చూపిస్తాను, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మీరు 2025 జనవరి 10న అర్జీ ఇచ్చారు. జవాబు లేదు. 2025 జులై 10తో 6 నెలలు అయిపోయాయి. అక్కడి నుంచి ఏడాది అంటే 2026 జులై 10. ఈ మధ్యలో మీరు ఇచ్చిన రిమైండర్లు పదైనా ఇరవైనా ఆ తేదీ ముందుకు జరగదు.

మళ్లీ మళ్లీ అర్జీలు పెడితే గడువు కొత్తగా మొదలవుతుందని మన ఆఫీసుల్లో గట్టి నమ్మకం. అది తప్పు. 1989లోనే ఎస్.ఎస్. రాథోడ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. 2008లో సి. జేకబ్ కేసులో ఇంకో మెట్టు పైకి వెళ్లి, ఎప్పుడో చచ్చిపోయిన క్లెయిముకు ఇప్పుడు జవాబిచ్చినంత మాత్రాన అది బతికిరాదని చెప్పింది.

ఒక మినహాయింపు ఉంది. జీతం తప్పుగా ఫిక్స్ అయిందనుకోండి, ప్రతి నెలా తక్కువ వస్తుంటుంది కాబట్టి నష్టం ప్రతి నెలా కొత్తగా పుడుతున్నట్టే. 2008 తర్సెమ్ సింగ్ కేసు ప్రకారం ఇలాంటివాటిని ఆలస్యంగా అడిగినా వింటారు. అయితే బకాయిలు మామూలుగా కేసు వేసిన తేదీకి వెనక 3 ఏళ్లకే పరిమితం. సీనియారిటీకి ఈ వెసులుబాటు లేదు. మీ పేరు పైకి జరిగితే ఇంకొకరి పేరు కిందికి పోతుంది కాబట్టి, ఏళ్ల తరబడి ఊరుకున్నవాడి మాట కోర్టు వినదు.

## 3. ఎస్ఆర్ చూడకుండా పెన్ను పట్టొద్దు

సర్వీసు రిజిస్టరు తెరవకుండా రాసిన అర్జీలు, ఉద్యోగుల సర్వీసు ఫైళ్లు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సీట్లో కూర్చుని చాలా చూశాను. "నాకు 2019 నుంచి ఇంక్రిమెంట్ ఇవ్వలేదు" అని రాస్తారు. ఎస్ఆర్ తీస్తే అక్కడ ప్రొబేషన్ డిక్లరేషన్ ఎంట్రీయే ఉండదు. అసలు జబ్బు ప్రొబేషన్, ఇంక్రిమెంట్ దాని లక్షణం మాత్రమే. అర్జీ దేనికోసమో తెలియకుండా రాస్తే ఫైలు "అర్హత లేదు" అన్న ఒక్క ముక్కతో మూసేస్తారు. వాళ్ల తప్పు కూడా కాదది.

ఎస్ఆర్‌లో చూడాల్సినవి:

- చేరిన తేదీ, ప్రొబేషన్ డిక్లేర్ చేసిన ప్రొసీడింగ్స్ నంబరు
- శాఖాపరమైన పరీక్షలు పాసైన ఎంట్రీలు
- ఏటా వార్షిక వెరిఫికేషన్ సర్టిఫికెట్, దానికింద డీడీవో (జీతాలు డ్రా చేసే అధికారి) సంతకం
- లీవు ఖాతా, ముఖ్యంగా జీతం లేని సెలవు ఉంటే ఆ రోజులు
- ప్రతి పీఆర్సీలో జరిగిన ఫిక్సేషన్, మీరిచ్చిన ఆప్షన్ కాపీ
- కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే పక్కన సంతకం ఉందా లేదా

ఆన్‌లైన్‌లో మీ వివరాలు కనిపిస్తున్నాయని ఊరుకోవద్దు. అందులో ఎక్కించిన తేదీ, పుస్తకంలోని తేదీ వేరుగా ఉండటం చాలా మామూలు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఎస్ఆర్ చూపించడం లేదా? గొడవ పడకండి. ఆర్టీఐ దరఖాస్తుకు ఫీజు సాధారణంగా 10 రూపాయలు. మీ ఎస్ఆర్ కాపీ, మీ ఫైలులోని నోట్ ఫైల్ (అధికారులు రాసిన నోట్లు), కరెంట్ ఫైల్ (వచ్చిన, పంపిన కాగితాలు) కాపీలు అడగండి. "ఎందుకు ఇవ్వలేదు?" అని రాయవద్దు. ఆర్టీఐలో రికార్డు అడగాలి, సంజాయిషీ కాదు. పక్కవాడి ఎస్ఆర్ అడిగినా రాదు, 2012లో గిరీశ్ దేశ్‌పాండే కేసు తర్వాత దాన్ని వ్యక్తిగత సమాచారంగా చూస్తున్నారు. మీ జూనియర్‌కు ఇచ్చిన ప్రమోషన్ ఉత్తర్వు, సీనియారిటీ జాబితా లాంటివి అడగండి. అవి శాఖ ఇచ్చిన ఉత్తర్వులు, ఒకరి సొంత కాగితాలు కావు.

## 4. ఎవరికి రాయాలో కనుక్కోండి

అర్జీ మంత్రిగారికో, ముఖ్య కార్యదర్శికో పంపితే బరువుగా ఉంటుందనుకుంటారు. అది అక్కడి నుంచి "తగు చర్య నిమిత్తం" అన్న ముద్రతో మెట్టుమెట్టుగా దిగి, రెండు మూడు నెలలకు మీ ఆఫీసుకే వస్తుంది. మీ హెడ్ క్లర్క్ దాన్ని మీకే చూపించి నవ్వుతాడు.

మీరు అడుగుతున్నది మంజూరు చేసే అధికారం ఎవరికి ఉందో వాళ్లకే రాయాలి. ఇంక్రిమెంట్ అయితే ఆఫీసు హెడ్ లేదా డీడీవో, సీనియారిటీ అయితే ఆ కేడర్‌కు నియామక అధికారి, జీవోలో సడలింపు కావాలంటే ప్రభుత్వం. చిరునామాలో ఆ అధికారి హోదా, కింద "త్రూ ప్రాపర్ చానెల్" అని ఉండాలి.

పోర్టళ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. కేంద్రం నడిపే సీపీగ్రామ్స్ ప్రజల ఫిర్యాదులకు ఉద్దేశించింది. ఉద్యోగుల సర్వీసు సమస్యలను, శాఖలో ఉన్న దారులన్నీ అయిపోయాక తప్ప, అందులో తీసుకోరు. 2024లో ఫిర్యాదు పరిష్కార గడువును 30 నుంచి 21 రోజులకు తగ్గించారు. ఆ వార్త చదివి తమ ప్రమోషన్ కేసును అందులో పడేసి, 21 రోజులకు "మీ శాఖను సంప్రదించండి" అన్న జవాబు అందుకున్నవాళ్లు నాకు తెలుసు. రిటైరైనవాళ్ల పెన్షన్ ఆలస్యాలకు మాత్రం ఈ దారి పనికొస్తుంది. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ కూడా అంతే: డీడీవో స్థాయిలో నిద్రపోతున్న చిన్న ఫైలును లేపడానికి సరే, చట్టపరమైన గడువుకు అది లెక్కలోకి వస్తుందని నమ్మకండి.

## 5. అర్జీ రాయడం

ఒక అర్జీలో ఒకే సమస్య. ఇంక్రిమెంట్, బదిలీ, పై అధికారి ప్రవర్తన, అన్నీ కలిపి రాస్తే తేలికైన ముక్కకు జవాబిచ్చి మిగతావి వదిలేస్తారు.

రెండు పేజీలు దాటొద్దు. తెలుగులో రాయవచ్చు, రాష్ట్ర ఆఫీసుల్లో అదే మేలు. వచ్చీరాని ఇంగ్లిషులో రాసిన అర్జీలో అసలు ఏం అడిగారో అర్థం చేసుకోవడానికి నేనే మూడుసార్లు చదివిన సందర్భాలున్నాయి. నియమాల పేర్లు, జీవో నంబర్లు ఎలా ఉన్నాయో అలా ఎక్కించండి.

అమరిక ఇలా ఉంటే చాలు:

విషయం: 01.07.2023 నుంచి రావాల్సిన వార్షిక ఇంక్రిమెంట్ మంజూరు గురించి.

సూచికలు: 1) ప్రొబేషన్ డిక్లేర్ చేసిన ప్రొసీడింగ్స్ నంబరు, తేదీ. 2) సంబంధిత జీవో. 3) గతంలో అర్జీ ఇచ్చి ఉంటే దాని ఇన్‌వార్డ్ నంబరు, తేదీ.

వాస్తవాలు: తేదీల వరుసలో, వాక్యానికో సంగతి. "నేను 01.07.2021న విధుల్లో చేరాను. సూచిక 1 ప్రకారం నా ప్రొబేషన్ పూర్తయింది. 01.07.2022న ఇంక్రిమెంట్ మంజూరైంది. 01.07.2023న మంజూరు కాలేదు. ఈ మధ్య నాకు జీతం లేని సెలవు లేదు, శిక్ష లేదు."

నియమం: ఏ నియమం కింద మీకు హక్కు ఉందో ఒకటి రెండు వాక్యాలు. సీనియారిటీ కేసయితే 1996 స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్‌లో రూల్ 33 చూడండి, దాంతోపాటు మీ శాఖ ప్రత్యేక నియమాలూ చూడండి. ప్రత్యేక నియమాల్లో వేరే మాట ఉంటే అదే చెల్లుతుంది.

కోరుతున్నది: "కాబట్టి 01.07.2023 నుంచి ఇంక్రిమెంట్ మంజూరు చేసి, బకాయిలు చెల్లించి, సర్వీసు రిజిస్టరులో నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను. ఇవ్వడం వీలుకాదని భావిస్తే కారణాలతో కూడిన ఉత్తర్వు ఇప్పించగలరు."

ఆ చివరి వాక్యం వదలకండి. పాలనాపరమైన నిర్ణయాలకు కారణాలు బాధితులకు చెప్పాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి)లోనే ఉంది. కారణాలున్న తిరస్కరణ మీకు నష్టం కాదు. కోర్టుకెళ్తే పట్టుకోవడానికి దొరికే కొమ్మ అదే.

జతపరచినవి: నంబర్లు వేసి, ప్రతి కాగితం మీద మీ సంతకంతో.

రాయకూడనివి కూడా ఉన్నాయి:

- "కక్షగట్టారు", "కావాలనే తొక్కిపెట్టారు" లాంటి మాటలు. రుజువు చేయలేని దురుద్దేశం ఆరోపిస్తే ఫైలు మీ సమస్య వదిలి ఆ మాట చుట్టూ తిరుగుతుంది.
- ఆత్మహత్య బెదిరింపు, ధర్నా హెచ్చరిక.
- "నా కుటుంబం రోడ్డున పడుతుంది" అని పేజీన్నర. ఒక వాక్యం చాలు.
- ఎమ్మెల్యేగారి సిఫారసు లేఖ జత చేయడం. కేంద్ర ప్రవర్తనా నియమాల్లో రూల్ 20 దీన్ని నిషేధిస్తుంది. రాష్ట్ర ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళిలోనూ నిషేధం ఉంది. అందరూ తెస్తున్నారు కదా అంటారు. నిజమే, కానీ మీరంటే పడని అధికారి వచ్చిన రోజు ఆ కాగితమే మీ మీద మెమో అవుతుంది.

## 6. ఇచ్చే పద్ధతి

మూడు కాపీలు తీయండి. ఒకటి మీ ఆఫీసులో కాగితాలు తీసుకునే తపాల్ సెక్షన్‌లో, ఒకటి పై అధికారికి అడ్వాన్స్ కాపీగా స్పీడ్ పోస్టులో, మూడోదాని మీద తపాల్ వాళ్ల ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకుని ఇంట్లో పెట్టుకోవడానికి.

తపాల్ గుమాస్తా ముద్ర వేయనంటే? "పైవాళ్లు చూడాలి, తర్వాత రండి" అంటారు. వాదించకుండా అదే రోజు పోస్టాఫీసుకు వెళ్లి స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు తీసుకోండి. దాంతోపాటు ఆఫీసు అధికారిక ఈమెయిల్‌కు స్కాన్ పంపండి. ఈ-ఆఫీస్ ఉన్నచోట మీ అర్జీకి వచ్చిన రసీదు నంబరు అడిగి తెచ్చుకోండి, తర్వాత ఫైలు ఎవరి లాగిన్‌లో ఉందో దాంతోనే తెలుస్తుంది.

అడ్వాన్స్ కాపీ మీద "అడ్వాన్స్ కాపీ" అని పైన రాయాలి. లేకపోతే ప్రాపర్ చానెల్ దాటారని మెమో ఇచ్చేవాళ్లున్నారు.

వాట్సాప్‌లో అధికారికి పంపి, రెండు నీలం టిక్కులు పడ్డాయి కదా అని ఊరుకున్నవాళ్లూ ఉన్నారు. చదివారు సరే. రికార్డులోకి ఎక్కలేదు.

## 7. వెంటపడటం, ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం

30 రోజులకు ఒక రిమైండరు. అర పేజీ చాలు, పాత ఇన్‌వార్డ్ నంబరు రాసి "చర్య తెలుపగలరు" అని. మళ్లీ కథంతా రాయవద్దు. కొత్త వాదన చేరిస్తే అది కొత్త అర్జీ అవుతుంది, ఫైలు మళ్లీ మొదటి సీటుకు పోతుంది.

60 రోజులకు కదలిక లేకపోతే ఆర్టీఐ: "ఫలానా తేదీన ఫలానా ఇన్‌వార్డ్ నంబరుతో ఇచ్చిన నా అర్జీపై నేటి వరకు జరిగిన నోట్ ఫైల్ కాపీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎవరి వద్ద ఉందో చూపే రికార్డు కాపీ ఇప్పించగలరు." ఫైలు కదిలించడంలో దీన్ని మించిన పనిముట్టు నేను చూడలేదు. ఆర్టీఐ వచ్చిందనగానే పక్క సీటు నుంచి మొదట వినపడే ప్రశ్న, "ఆ ఫైలు ఎక్కడుంది?"

సంఘం నాయకుల సాయం తీసుకోండి, కానీ విధానపరమైన సమస్యకే వాళ్ల బలం ఎక్కువ. తెలంగాణలో 2021 డిసెంబరు నాటి జీవో 317 కేటాయింపుల్లాంటివి (కొత్త జిల్లాలు, జోన్లకు ఉద్యోగులను పంచినవి) ఒక్కడి అర్జీతో తేలేవి కావు. ఒక్కరి పే ఫిక్సేషన్ కోసం సంఘం లెటర్‌హెడ్ అవసరం లేదు.

నాలుగు నెలలు దాటాయంటే రిమైండర్లు ఆపి, లాయరును కలవడానికి ఫైలు సిద్ధం చేసుకోండి.

## 8. జవాబు వచ్చాక

జవాబు మూడు రకాలుగా వస్తుంది.

ఒప్పుకుంటూ వస్తే, ఎస్ఆర్ ఎంట్రీ పడేదాకా పని అయినట్టు కాదు.

"పరిశీలనలో ఉంది" అని వస్తే, అది జవాబు కాదు. గడువు లెక్కలో దాన్ని ఉత్తర్వుగా తీసుకోకండి, 6 నెలల లెక్క పాతదే.

"మీ అభ్యర్థన పరిశీలించి తిరస్కరించడమైనది" అని ఒక్క వాక్యంలో వస్తే, కారణం లేదు కాబట్టి అది నిలవదు. అయినా మీకు ఏడాది గడువు ఆ రోజే మొదలైంది. ఆ ఉత్తర్వు మీద "మళ్లీ పరిశీలించండి" అని ఇంకో అర్జీ పెట్టి ఆర్నెల్లు కూర్చోవడం నేను చూసిన తప్పుల్లో చాలా ఖరీదైనది. అప్పీలు అవకాశం నియమాల్లో ఉంటే అప్పీలు చేయండి. లేకపోతే కోర్టు.

## 9. వేరుగా చూడాల్సిన మూడు

బదిలీ. ముందు చేరండి, తర్వాత అర్జీ పెట్టండి. మెడికల్ లీవు పెట్టి ఇంట్లో కూర్చుని అర్జీలు తిప్పితే, బదిలీ పోయి గైర్హాజరు కేసు మీదికొస్తుంది. అర్జీ పెండింగ్‌లో ఉందన్న కారణంతో చేరకపోవడం కుదరదని 1989లో గుజరాత్ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నియమానికి విరుద్ధమనో, అధికారం లేనివారు ఇచ్చారనో, దురుద్దేశం రుజువైతేనో తప్ప కోర్టులు బదిలీల్లో వేలు పెట్టవు. భార్యాభర్తల పోస్టింగు, అనారోగ్యం, పిల్లల చదువు లాంటివి అధికారికి చెప్పుకోవాల్సినవి. అక్కడ గట్టిగా, పత్రాలతో చెప్పండి.

అదనంగా చెల్లించామంటూ రికవరీ. రిటైర్మెంటు ముందు ఆడిట్‌లో ఇది ఎక్కువ వస్తుంది. నోటీసు లేకుండా కోత మొదలుపెడితే వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. 2014 డిసెంబరు నాటి రఫీక్ మసీహ్ తీర్పు దగ్గర పెట్టుకోండి. గ్రూప్ సి, డి స్థాయి ఉద్యోగుల నుంచి, రిటైరైనవారి నుంచి, ఏడాదిలోపు రిటైరయ్యేవారి నుంచి, 5 ఏళ్లకు పైగా జరిగిన చెల్లింపుల విషయంలో రికవరీ కూడదని అందులో ఉంది. ఒక చిక్కు: పే ఫిక్సేషన్ సమయంలో "ఎక్కువైతే తిరిగి కడతాను" అని అండర్‌టేకింగ్ సంతకం పెట్టారేమో చూడండి. దాన్ని చూపించి శాఖ వాదిస్తుంది.

సస్పెన్షన్. 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసు ప్రకారం, 3 నెలల్లో ఛార్జిషీటు ఇవ్వకపోతే సస్పెన్షన్ కొనసాగించకూడదు. కేంద్ర నియమాల్లో 90 రోజుల్లో రివ్యూ తప్పనిసరి. 91వ రోజు మీ అర్జీ తపాల్‌లో ఉండాలి. సబ్‌సిస్టెన్స్ అలవెన్సు (సస్పెన్షన్ కాలంలో ఇచ్చే భృతి) ఆగితే అది విడి అర్జీ. ఛార్జి మెమోకు మాత్రం, అన్యాయమని ఎంత అనిపించినా, అందులో రాసిన గడువులోపు జవాబు ఇచ్చి తీరాలి. టెన్షన్‌లో దాన్ని టేబుల్ సొరుగులో పడేసినవాళ్ల మీద విచారణ ఏకపక్షంగా ముగిసిపోతుంది.

## 10. కోర్టుకు వెళ్లాల్సి వస్తే

కేంద్ర ఉద్యోగి క్యాట్‌లో వేసే దాన్ని ఒరిజినల్ అప్లికేషన్ అంటారు. ఫీజు 50 రూపాయలు, లాయరు ఫీజు వేరు. శాఖలో ఉన్న దారులు వాడుకోకుండా వస్తే 1985 అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునల్స్ చట్టం సెక్షన్ 20 అడ్డుపడుతుంది. క్యాట్ తీర్పు నచ్చకపోతే హైకోర్టు డివిజన్ బెంచ్‌కు వెళ్లవచ్చు, 1997 చంద్రకుమార్ తీర్పు నుంచి ఇదే పద్ధతి.

రాష్ట్ర ఉద్యోగి ఆర్టికల్ 226 కింద రిట్ వేయాలి. ఆంధ్రప్రదేశ్ వాళ్లు అమరావతిలో, తెలంగాణ వాళ్లు హైదరాబాద్‌లో. రిట్‌కు అంకెల్లో రాసిన గడువు లేదు, కానీ ఆలస్యానికి కారణం చెప్పలేకపోతే కొట్టేస్తారు. ఏడాది లెక్కనే మీరూ పాటించండి.

రిట్‌కు ముందు లీగల్ నోటీసు తప్పనిసరి అని చాలామంది డబ్బు ఖర్చు పెడతారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 నోటీసు సివిల్ దావాకు. రిట్‌కు కావాల్సింది మీరు అడిగారు, వాళ్లు ఇవ్వలేదు అని చూపే కాగితం. మీ అర్జీ, ఇన్‌వార్డ్ నంబరు ఆ పని చేస్తాయి.

లాయరు దగ్గరికి తీసుకెళ్లాల్సినవి:

- తేదీల పట్టిక, ఒకే పేజీలో
- సవాలు చేసే ఉత్తర్వు, అది అందిన తేదీ రుజువు
- అర్జీ, రిమైండర్లు, రసీదులతో
- ఎస్ఆర్ సంబంధిత పేజీలు
- వర్తించే నియమాలు, జీవోలు పూర్తి పాఠంతో
- సీనియారిటీ కేసయితే, మీరు గెలిస్తే నష్టపోయేవారి పేర్లు, హోదాలు

ఆఖరిదాన్ని మరిచిపోతే మంచి కేసు కూడా ఓడిపోతుంది. వాళ్లను ప్రతివాదులుగా చేర్చలేదన్న ఒక్క కారణం చాలు.

"అర్జీని పరిష్కరించమని ఉత్తర్వు తెచ్చుకుందాం, ఒక్క వాయిదాలో అయిపోతుంది" అని కొందరు లాయర్లు చెబుతారు. అర్జీ తాజాగా ఉంటే మంచి సలహా. శాఖ ఇప్పటికే తిరస్కరించి ఉంటే, లేదా సమస్య ఏడెనిమిదేళ్ల నాటిదైతే, ఇది కాలయాపన. జేకబ్ కేసు చెప్పింది సరిగ్గా ఇలాంటి ఉత్తర్వుల గురించే.

## 11. గెలిచాక

తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకుని, చిన్న కవరింగ్ లెటర్‌తో మళ్లీ తపాల్‌లోనే ఇవ్వాలి, మళ్లీ ఇన్‌వార్డ్ నంబరుతోనే. "కాపీ అందిన 8 వారాల్లో అమలు చేయాలి" లాంటి గడువు ఉంటే అది మీరు అందజేసిన రోజు నుంచే నడుస్తుంది. కోర్టు నుంచి వాళ్లకే వస్తుందిలే అని కూర్చుంటే, గడువు మొదలే కాలేదని శాఖ వాదిస్తుంది.

గడువు దాటితే ఒక రిమైండరు, ఆ తర్వాత ధిక్కరణ పిటిషన్. దీనికీ ఏడాది గడువుంది, 1971 చట్టం సెక్షన్ 20లో. శాఖ అప్పీలుకు వెళ్లిందన్న మాట విని ఆగకండి. స్టే ఉత్తర్వు కాపీ చూపించమనండి. స్టే లేకపోతే తీర్పు అమల్లో ఉన్నట్టే.

అమలు ప్రొసీడింగ్స్ చేతికొచ్చాక వెంటనే సరిచూడాల్సినవి: ప్రయోజనం ఏ తేదీ నుంచి అన్నారు, నోషనలా (కాగితం మీదేనా) లేక నగదుతోనా, బకాయిల లెక్క పట్టిక జత అయిందా, తర్వాతి ఇంక్రిమెంట్ తేదీ మారిందా, ఆన్‌లైన్‌లో పే వివరాలు సవరించారా. ఎస్ఆర్‌లో ఆ ఎంట్రీ పడి, దాని పక్కన డీడీవో సంతకం, తేదీ ఉండాలి. ఆ పేజీ ఫొటో తీసుకుని, ఇన్నాళ్ల కాగితాలున్న ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టుకోండి. రిటైర్మెంటు ఆడిట్‌లో వాళ్లు మొదట అడిగేది అదే.